మామగారి ఆఖరి మరణం

ఆ ఆదివారం ఏర్పాటు చాలా సులువైనది. మధ్యాహ్నం ఆటలో మామగారు ముసలి రాజుగా ఆఖరిసారి చనిపోతారు. తెర పడ్డాక ముందుకొచ్చి, ఇక వేషం కట్టనని అందరి ముందూ చెబుతారు. అల్లుడు ఆయన్ని ఇంటికి తీసుకొస్తాడు. డెబ్బై రెండేళ్ళ గుండె ఇక ఈ ఆటలు తట్టుకోదని డాక్టరు తేల్చేశాడు. కూతురు నెల రోజులు ఏడ్చి, అలిగి, తండ్రి చేత ఆ మాట ఇప్పించుకుంది.

"మీరు ముందు వరసలో కూర్చోండి. మిమ్మల్ని చూస్తే మాట తప్పడానికి నాన్నకి మొహం చెల్లదు," అంది భర్తతో. "మధ్యలో లేచిపోకండి."

గడియారాలు బాగుచేసి బతికే అల్లుడికి కదలకుండా కూర్చోవడం ఒక లెక్క కాదు. కానీ ఆ నాటకశాల బల్లలు అతని తాతకంటే పాతవి. అతనికి దక్కిన బల్ల మధ్యలో నిలువునా చీలి ఉంది. పక్కనున్న లావుపాటి వకీలు వెనక్కి వాలితే చీలిక తెరుచుకునేది, ముందుకు వంగితే మూసుకుని అల్లుడి తొడని పట్టకారులా పట్టేసేది.

ఆఖరి ఘట్టంలో రాజు తన కిరీటం తనే దించుకుని సింహాసనం మెట్ల మీద ఒరిగిపోయాడు. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. వకీలు కళ్ళు తుడుచుకోవడానికి ముందుకు వంగాడు. అల్లుడు నిటారుగా లేచి నిలబడ్డాడు.

సొంత అల్లుడే లేచాక మనం కూర్చుంటే ఏం బాగుంటుందని వెనక వరసలన్నీ లేచాయి. జనం లేచి నిలబడితే ఆ ఘట్టం మళ్ళీ ఆడి తీరాలన్నది ఆ నాటకశాల కట్టుబాటు. పోయిన రాజు ఒక కన్ను తెరిచి చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, కిరీటం పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

 ఈసారి ప్రాణం పోయినా లేవకూడదని అల్లుడు పళ్ళు బిగించాడు. రాజు ఒరిగే సమయానికి అతని కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అంత బాధపడకండి, నాటకమే కదా," అంటూ వకీలు ఓదార్చడానికి అతని మీదకి పూర్తిగా వంగాడు.

హాలంతా మళ్ళీ లేచింది.

మూడోసారికి అల్లుడు బల్ల మానేసి నేల మీద చతికిలబడ్డాడు. ఎవరూ లేవలేదు. రాజూ లేవలేదు. తెర దించారు, ఎత్తారు, ఆయన అలాగే ఉన్నారు. పెద్దాయన్ని చేజేతులా చంపుకున్నాననుకుని అల్లుడు పరుగున వేదికెక్కి, గడియారం విన్నట్టు ఆయన ఛాతీకి చెవి ఆనించాడు. గుండె నిక్షేపంగా కొట్టుకుంటోంది.

"లేస్తే మళ్ళీ చావమంటారేమోనని పడుకున్నాను, అల్లుడుగారూ," అన్నారు మామగారు మెల్లగా.

అంతలో అల్లుడి తడి మొహం కనిపించి ఆయన కళ్ళూ చెమర్చాయి. ఇరవై ఏళ్ళలో ఈ మనిషి తన ఆట చూసి ఏడవడం ఇదే మొదలు. లేచి, ముందుకొచ్చి, చేతులు జోడించారు.

"ఇవాళ్టితో మానేద్దామనే వచ్చాను. ఇంత ప్రేమ చూశాక ఎలా మానను? వచ్చే నెల నుంచి వారానికి రెండాటలు."

ఇంటి దగ్గర భార్య గుమ్మంలోకి ఎదురొచ్చింది. "నాన్న ఎలా ఉన్నారండీ?"

"మూడుసార్లు పోయారు," అన్నాడు అతను చెప్పులు విప్పుతూ. "ఇప్పుడు కులాసాగా ఉన్నారు."