బ్రేక్ ఫ్లాషర్ వల్ల లోకానికి కలిగిన మేలు

ఒక మంగళవారం ఉదయం, సరిగ్గా ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు, ఉష్ణోగ్రత ఇరవై మూడు డిగ్రీలు, గాలి బొత్తిగా లేదు, గొడుగు విప్పాలా వద్దా అని మనిషిని తికమక పెట్టేపాటి తుంపర పడుతుండగా, మా కోడలి మోటారు సైకిలు వెనక ఎర్రదీపం మొట్టమొదటిసారిగా టపటపా కొట్టుకుంది. మానవ నాగరికత అసలు మొదలైంది ఆ క్షణంలోనే అని నా నిశ్చితాభిప్రాయం!

నిప్పు, చక్రం, అచ్చుయంత్రం అంటారా? వాటిని నేను తక్కువ చెయ్యను. అవి కూడా మంచి ప్రయత్నాలే. కానీ వాటిలో ఏ ఒక్కటైనా మీ వెనక బండి మీద వస్తున్న మనిషి తలను ఫోనులోంచి పైకి లేపగలిగిందా?

సంగతి తెలియనివారి కోసం చెబుతాను. బ్రేక్ ఫ్లాషర్ అనేది బొటనవేలంత పెట్టె. బ్రేకు లైటుకు వెళ్ళే తీగను కత్తిరించి మధ్యలో దీన్ని అతికిస్తారు. మామూలు బండికి బ్రేకు నొక్కితే దీపం వెలిగి ఊరుకుంటుంది. ఫ్లాషర్ ఉన్న బండికి నొక్కితే, దీపం ఆరుసార్లు గబగబా ఆరి వెలిగి, ఆ తరవాత నిలకడగా వెలుగుతుంది. అంతే!

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో తర్కశాస్త్రం బోధించాను. కారణం చెప్పకుండా కార్యం దగ్గరికి వెళ్ళడం నాకు చేతకాదు. ఫ్లాషర్‌కు కారణం మా కోడలి కుడి మణికట్టు. ఆమె పరీక్షల ల్యాబులో రక్తం తీసేది. నరం ఎక్కడ దాక్కున్నా వేలికొసతో పట్టుకుని, సూది గుచ్చినట్టే తెలియకుండా పని ముగించడంలో ఆమెకు పెట్టింది పేరు. ఏడు గంటలకల్లా పరగడుపున వచ్చినవారు, “ఆ అమ్మాయి వచ్చాకే ఇస్తాం” అని చేతులు ముడుచుకుని కూర్చునేవారు.

ఇక మణికట్టు బాధకు కారణం, మా గేటుకు ఇరవై గజాల దూరంలోని స్పీడ్ బ్రేకర్. దాని ముందు ఆమె బ్రేకు వేసేది. వెనక వచ్చేవాడు వేసేవాడు కాదు. ఆరు నెలల్లో ఆమెను రెండుసార్లు వెనకనుంచి గుద్దారు. రెండోసారి మణికట్టు బెణికి పది రోజులు ఇంట్లో కూర్చుంది. ల్యాబు యజమాని ఫోను చేశాడు.

“తొందరేం లేదమ్మా, పూర్తిగా తగ్గాకే రండి. ఈలోగా మేం ఇంకొకరిని చూసుకుంటాం.”

ఇంత మర్యాదగా మాట్లాడే యజమానిని చూసి ఎవరైనా భయపడవలసిందే.

అందువల్ల బండిని మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాం. వీధిలో ఆయనను ప్లగ్గు మాస్టారు అంటారు. బండికి ఏ జబ్బు చేసినా మొదట ప్లగ్గు ఊడదీసి వెలుతురులో చూస్తాడు.

“మామూలు లైటు ఎవడు చూస్తాడండీ ఈ రోజుల్లో?” అన్నాడు సీటు ఎత్తుతూ. “లైటన్నాక కన్ను కొట్టాలి. అప్పుడు చూస్తారు.”

“మరి అందరి లైట్లూ కన్ను కొడితే?” అని అడిగాను.

“అప్పుడు ఇంకా గట్టిగా కొట్టేది తెప్పిస్తానండి. మీకెందుకు బెంగ?”

ఇంతటి ధీమా నేను ఏ ప్రొఫెసరులోనూ చూడలేదు!

ఫ్లాషర్ మొదట సాధించింది నైతిక విజయం. పూర్వం, వెనక వచ్చేవాడు ముందువాడికి కాస్త ఎడం ఇవ్వాలనే మూఢనమ్మకం ఒకటి ఉండేది. గుద్దితే తప్పు గుద్దినవాడిదే అనేవారు. ఎంత అన్యాయం! పాపం, అతడు ఫోను చూసుకోవాలి, చెవిలో పాట వినాలి, భుజానికీ చెవికీ మధ్య ఇంకో ఫోను నొక్కిపట్టి ఇంట్లోవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఇన్ని పనులున్నవాడు రోడ్డు కూడా చూడాలా? ఇప్పుడు ఆ బరువు దిగిపోయింది. కిందపడ్డవారిని లేవదీస్తూ దర్జాగా అడగవచ్చు: “ఏమండీ, ఫ్లాషర్ పెట్టించుకోలేదా?”

మా కోడలి బండి చూసి పక్కింటాయన పెట్టించుకున్నాడు. ఆయనది చూసి ఎదురింటి డ్రాయింగు టీచరు నీలం రంగుది తగిలించాడు. పాలవాడికి ఒక రంగు ఆనలేదు; ఎరుపూ నీలమూ కలిసినది కావాలన్నాడు. దర్జీ అయితే దానికి కుయ్ కుయ్ మనే చప్పుడు కూడా జోడించాడు. మూడు నెలలు తిరిగేసరికి మా వీధిలో పందొమ్మిది ఫ్లాషర్లు! ఉదయం వేళ గేటు దగ్గర నిలబడితే సర్కసు గుడారంలోకి వచ్చినట్టుండేది. సైకిలు మీద వచ్చే పోస్ట్‌మాన్ ఒక్కడే, ఏ వెలుగూ లేక, దిక్కులేనివాడిలా కనిపించేవాడు.

అన్నిటికంటె గొప్ప సౌకర్యం ఇంకొకటి. స్పీడ్ బ్రేకర్‌ను ఎవరూ చూడనక్కర లేకుండా పోయింది. దాని మీద చారలు లేవు, ముందు బోర్డు లేదు. రోడ్డు రంగులో రోడ్డుగా కలిసిపోయి ఉండేది. ఇప్పుడు ముందు వెళ్ళే మా కోడలి దీపం కొట్టుకుంటే చాలు, వెనక వీధి వీధంతా బ్రేకు వేసేది.

ఒక గురువారం ఆమె సెలవు పెట్టింది. ఆ ఉదయం పక్కింటాయన స్పీడ్ బ్రేకర్ మీదనుంచి గాలిలోకి లేచి, బండి ఒకవైపు, తాను ఒకవైపు దిగాడు. మోచేయి గీసుకుపోయింది. పావుగంటలో ఆయన భార్య మా గుమ్మంలో ఉంది.

“ఏమ్మా, సెలవు పెట్టేటప్పుడు ఒక్క మాట చెప్పొద్దా? ఆయన నీ లైటే నమ్ముకుని వెళ్తున్నారు కదా!”

“పిన్నిగారూ, అది నా బండి లైటండీ,” అంది మా కోడలు. “బాబాయిగారు ఇన్నేళ్ళనుంచి ఆ దారినే వెళ్తున్నారు. ఎత్తు ఎక్కడుందో తెలీదా?”

“తెలుసుకోవాల్సిన అవసరం ఏముంది, నువ్వుండగా?”

“అయితే రేపట్నుంచి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటా. టిఫిను మీరు పంపించండి.”

“టిఫిను సంగతి నేను చూసుకుంటాలే. ఆదివారాలు కూడా వస్తావా?”

చూశారా? ఒక సామాన్య ఉద్యోగిని, చిన్న పెట్టె పుణ్యమా అని, ప్రభుత్వ శాఖ స్థాయికి ఎదిగింది!

అయితే కార్యం ఎప్పుడూ ఒకచోట ఆగదు. పందొమ్మిది దీపాలు కొట్టుకునే చోట ఏ దీపమూ కనబడదు. ఈ సూత్రం నేను కనిపెట్టింది కాదు. ఐదో నెలలో, జోరువాన కురుస్తున్న ఒక ఉదయం మా కోడలిని వెనకనుంచి గుద్దిన పాలవాడు చెప్పాడు.

“ఎవరు ఆగుతున్నారో తెలీలేదమ్మగారూ! అందరివీ కొట్టుకుంటున్నాయి,” అని ఒలికిన పాలల్లో నిలబడి ఏడ్చాడు.

ఈసారి మణికట్టు ఎముక రెండుచోట్ల విరిగింది. పిండికట్టు వేశారు. ల్యాబు యజమాని మళ్ళీ ఫోను చేశాడు, ఇంకా మర్యాదగా.

నేను రోడ్ల ఆఫీసుకు వెళ్ళాను. ఆ స్పీడ్ బ్రేకర్ మీద నాలుగు తెల్లచారలు వెయ్యండి, ఒక్క డబ్బా రంగు చాలు అని అర్జీ ఇచ్చాను. ఇంజనీరు నెమ్మదస్తుడు. లావుపాటి రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు.

“మామ్మగారూ, మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ లేదండీ.”

“మరి మేం రోజూ ఎక్కి దిగేది ఏమిటి నాయనా?”

“ఉండొచ్చండి. మేం వెయ్యలేదు. మాది కానిదానికి మేం రంగెలా వేస్తాం? ఎవరు వేశారో పేరు చెప్పండి. నోటీసిచ్చి వారంలో పగలగొట్టిస్తాం.”

పాఠకులారా, ముప్పై ఒక్క సంవత్సరాల అధ్యాపకత్వంలో లేనిది, సమాధానం తెలిసి కూడా నేను నోరు మూసుకుని ఇంటికి వచ్చింది ఆ రోజే.

అంతకు ఐదేళ్ళ ముందు, కోడలు ఇంకా మా ఇంటికి కాపురానికి రాకముందు, మా ప్రహరీ గోడ కట్టించినప్పుడు కాంక్రీటు మిగిలింది. ఆ రోజుల్లో బండ్లు మా గేటు ముందునుంచి తూటాల్లా దూసుకుపోయేవి. నేను రోడ్డు దాటడానికి ఒక్కోసారి పది నిమిషాలు పట్టేది. మేస్త్రీని పిలిచి, మిగిలింది రోడ్డుకు అడ్డంగా పొయ్యమన్నాను. నాలుగంగుళాలు చాలన్నాడు. పక్కనే నిలబడి ఇంకో మూడంగుళాలు పెంచించాను. పక్కింటావిడ మేడమీదనుంచి చప్పట్లు కొట్టింది. “తెల్లరంగు వెయ్యాలి కదమ్మా?” అని మేస్త్రీ అడిగాడు. “చూసుకుని నడపడం నడిపేవాళ్ళ బాధ్యత” అని చెప్పాను.

ఫ్లాషర్‌ను నేను ఇంతగా ఎందుకు పొగుడుతున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉండాలి. వీధిలో అందరూ తమ వెనక దీపాలు మార్చుకుంటున్నంత కాలం, ముందున్న ఎత్తును ఎవరు పోశారని ఒక్కరూ అడగలేదు. ఐదు నెలలు నేను హాయిగా నిద్రపోయాను. ఆ పెట్టెను కోడలికి కొనిపెట్టింది కూడా నేనే. ఒక డబ్బా రంగు కొనడానికి మాత్రం నాకు తోచలేదు!

ఆ సాయంత్రం ఆమెకు అంతా చెప్పాను. ఆమె దిండు మీద పెట్టుకున్న పిండికట్టు వైపే చూస్తూ వింది.

“మేస్త్రీ నాలుగు చాలన్నాడా, అత్తయ్యా?”

“అన్నాడు.”

“మరి రంగు?”

“అక్కర్లేదన్నాను.”

“మీరు పరీక్ష పేపర్లు కూడా ఇలాగే దిద్దేవారా?”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మర్నాడు నా పేరూ, ఇంటి నంబరూ కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. నోటీసు నాలుగు నెలలకు వచ్చింది, పగలగొట్టేవాళ్ళు రాలేదు. నేనే ఇద్దరు కూలీలను పిలిచి గునపాలతో తవ్వించాను.

ఇది జరిగి ఏడేళ్ళయింది. ఎముక సరిగా అతుక్కోలేదు. మా కోడలు అదే ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవారి పేర్లు రాసుకుంటుంది. రక్తం ఇంకొకరు తీస్తారు.