మామగారి ఓడకి కోత

కాఫీ తాగుతూ స్టోరుబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం మామగారు భోజనానికి వచ్చేలోపు ఓడ వెనకభాగం కోసెయ్యాలి. అంతే.

స్టోరుబాబు తాళాల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. పనివాళ్ళకి రంపాలు, ఆకురాళ్ళు, కత్తెరలు ఇవ్వడం, సాయంత్రానికి తిరిగి తీసుకోవడం అతని ఉద్యోగం. ఎవరేం అడిగినా ముందు ప్రశ్నలు వేస్తాడు. దేనికి? ఇంతకంటే చిన్నది సరిపోదా? పోయినసారి తీసుకెళ్ళిన దాని గతేమైంది? ఇన్నేళ్ళుగా అన్ని పనిముట్ల మధ్య బతుకుతున్నా, వాటిలో ఒక్కదానితోనైనా తను దేన్నీ కోసిన పాపాన పోలేదు.

ఇంట్లో అతని సరదా ప్లాస్టిక్ మోడళ్ళు. పెట్టెలో వచ్చిన ముక్కల్ని విడదీసి, జిగురు పెట్టి అతికించి, రంగు వేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు. పోయిన ఏడు అలా అతికించిందే మామగారి ఓడ. మామగారు ఇవతలి రేవు నుంచి అవతలి గట్టుకి జనాన్ని దాటించే ఓడకి కెప్టెన్. అయితే ఈమధ్య కంపెనీవాళ్ళు ఆ ఓడ వెనకున్న గదుల్ని తీసేసి, కార్లు ఎక్కడానికి వీలుగా ఖాళీ చేశారు. మోడల్‌కి మాత్రం పాత గదులే ఉన్నాయి. ఆవేళ మామగారి పుట్టినరోజు. కొత్త రూపంలో ఓడని ఆయన చేతిలో పెట్టాలని స్టోరుబాబు కోరిక.

కోరిక వెనక ఒక బాధ కూడా ఉంది. పెళ్ళైన కొత్తలో అతను అత్తవారింట్లో కిటికీకి పరదా తగిలించబోయి, పరదాతో పాటు కిటికీ తలుపుని కూడా వీధిలోకి దించాడు. అప్పుడు మామగారు అతని చేతులు పట్టుకుని జాలిగా చూసి, "సంతకం పెట్టడానికి బావుంటాయోయ్ ఇవి," అన్నారు. ఆయన మాత్రం తన సర్వీసులో ఓడ ఒంటిమీద గీత కూడా పడనివ్వలేదని భోజనానికి కూర్చున్న ప్రతిసారీ చెబుతారు.

"ఇంకా కొయ్యలేదా?" అంది డాక్టరమ్మ, కూరల సంచీ వెతుక్కుంటూ. స్టోరుబాబు భార్య పళ్ళ డాక్టరు. కింద క్లినిక్కు, పైన ఇల్లు.

"దేంతో కొయ్యాలో తేలాలి కదా."

"మూడు నెలల్నుంచీ తేలుస్తూనే ఉన్నారు. మా నాన్న రిటైరయ్యాక కోస్తారా?"

స్టోరుబాబు సొరుగు లాగాడు. లోపల మెత్తటి గుడ్డమీద పనిముట్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కదానికీ మరక లేదు. "చూడు, ఈ కత్తి పల్చటి రేకుకైతే మంచిది. గోడ మందంగా ఉంటే జారి వేలు తెగుతుంది. ఈ కటింగ్ ప్లయరు కొరుకుతుంది గానీ, కొరికిన చోటు నుంచి బీట పడుతుంది. ఇదిగో, ఈ సన్నపళ్ళ రంపం నెమ్మది, కానీ నమ్మకస్తురాలు. దారం పెట్టి రాపాడించి కోసేవాళ్ళూ ఉన్నారు. ఓపిక ఉండాలి."

"నేను పన్ను పీకేముందు ఇంత ఆలోచిస్తే పేషెంటు తెరిచిన నోరు తెరిచినట్టే ముసలాడైపోతాడు," అని డాక్టరమ్మ బజారుకి వెళ్ళిపోయింది.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గుచ్చుకోవడం మంచిదే అయింది. వెంటనే గీత గీశాడు, గీత పక్కన టేపు అంటించాడు, టేపు అంచున సన్నపళ్ళ రంపం ఆనించి లాగాడు. తెల్లటి పొడి ఉప్పులా రాలింది. స్టోరుబాబు ఒళ్ళు పులకరించింది. ఇంత సుఖమని తెలిస్తే ఫ్యాక్టరీలో ఒక్కణ్ణీ ఒక్క ప్రశ్న కూడా అడిగేవాడు కాదు.

రెండు వైపులా తెగింది. మూలకి వచ్చేసరికి రంపం పిడి పొగగొట్టానికి తగిలి ఆగిపోయింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కత్తి దూరలేదు, ప్లయరు అందలేదు, దారం తెగింది. అప్పుడు గుర్తొచ్చింది, కింద క్లినిక్కులో పంటిని అరగదీసే మిషను. దానికి గోరంత చక్రం తగిలిస్తే ఎంత ఇరుకులోనైనా దూరుతుంది. పన్నునే కోసేది ప్లాస్టిక్కుని కొయ్యదా?

మిషను పేషెంటు కుర్చీకి బిగించి ఉంది కాబట్టి ఓడే కిందికి దిగాల్సి వచ్చింది. స్టోరుబాబు ఓడని కుర్చీలో పడుకోబెట్టి, పొడి పడకుండా చుట్టూ గుడ్డ కప్పి, పైన పెద్ద లైటు వేసుకున్నాడు. వీధి తలుపు వెయ్యడం మాత్రం మర్చిపోయాడు.

ఆ తలుపులోంచి పక్కవీధి సంగీతం మాస్టారు లోపలికి వచ్చారు. బుగ్గ బూరెలా వాచి ఉంది. ఆదివారమైనా లైటు వెలుగుతోంది, పరదా వెనక మిషను గీపెడుతోంది. దేవుడు ఉన్నాడనుకుని బల్లమీద కూర్చున్నారు.

"కదలకు తల్లీ, కదలకు," అంటోంది పరదా వెనక మగ గొంతు. "ఆ మూల ఒక్కటీ తెగితే నీకూ నాకూ విడుదల."

మాస్టారు మర్యాదగా దగ్గారు. లోపల వినిపించుకోలేదు. కాసేపటికి కాలిన వాసన వచ్చింది.

"అయ్యో, తెగట్లేదేంటి, కరిగిపోతోంది! ఆగు, ఆగు... ఇటు జారిపోయిందే! బాబోయ్, వెనకంతా వేలాడుతోంది!"

మాస్టారు లేచి నిలబడ్డారు. "డాక్టరమ్మగారు లేరాండీ?" అన్నారు, ఉన్న గొంతులో సగంతో.

"లేదండీ," అంది గొంతు, ఎవరడిగారో కూడా చూడకుండా. "ఆవిడకి తెలీకుండానే చేస్తున్నాను. ఇదే మొదటిసారి. కూర్చోండి, దీనిమీద కాస్త సలసలకాగే నీళ్ళు పోసి, లాగి చూసి వస్తా."

మాస్టారు కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తారు.

గేటు దగ్గర ఆయనకి కెప్టెనుగారు, ఆయన భార్య ఎదురొచ్చారు. అన్న వేళకంటే ముందే రావడం కెప్టెనుగారి పద్ధతి. వాళ్ళ వెనకే కూరల సంచీతో డాక్టరమ్మ కూడా వస్తోంది.

"లోపలికి వెళ్ళకండి!" అన్నారు మాస్టారు రొప్పుతూ. "లోపల ఎవరో ఆడమనిషి, పాపం. మిషనుతో ఏదో కోసేశారు. కరిగిపోయిందట, వేలాడుతోందట, కాగే నీళ్ళు పోస్తారట!" ఆ మాటలంటూనే వీధి మలుపు తిరిగిపోయారు.

ముగ్గురూ ఒక్క ఉదుటున లోపలికి దూరారు. డాక్టరమ్మ పరదా లాగింది. పేషెంటు కుర్చీలో, పెద్ద లైటు కింద, మెడదాకా గుడ్డ కప్పుకుని ఓడ పడుకుని ఉంది. పక్కన కెటిలు పట్టుకుని స్టోరుబాబు ఉన్నాడు, ముఖం నిండా తెల్లపొడి.

"ఏమండీ," అంది డాక్టరమ్మ చాలా నెమ్మదిగా. "అది నా మిషనేనా?"

చక్రానికి కరిగిన ప్లాస్టిక్కు చుట్టుకుని గడ్డకట్టింది. స్టోరుబాబు తల ఊపాడు. ఇక మామగారి వంతు అనుకుని కళ్ళు మూసుకున్నాడు. సంతకం చేతులు అన్న మాట వినపడుతుందని కాచుకున్నాడు. ఎంతకీ వినపడకపోతే కళ్ళు తెరిచాడు.

మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఓడ వెనకభాగాన్నే చూస్తున్నారు. గదులైతే ఊడొచ్చాయి గానీ, ఎడమ మూల లోపలికి నొక్కుకుపోయింది. అంచు వంకరపోయింది. కమ్మీల వరస ఊడి పక్కకి వేలాడుతోంది.

"మీరిద్దరూ పైకి వెళ్ళండమ్మా," అన్నారు ఆయన భార్యతో, కూతురితో. "నేను అల్లుడితో మాట్లాడాలి."

అత్తగారు అల్లుడికేసి జాలిగా చూస్తూ మెట్లెక్కారు. డాక్టరమ్మ జాలి కూడా చూపించలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు మామగారు గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పలేదండీ. నా అంతట నేనే చేశాను."

"గురువారం రేవులో ఉన్నావా?"

"లేనండీ, ఫ్యాక్టరీలో ఉన్నా."

"మరి ఈ మూలే ఎలా నొక్కావోయ్? ఈ కమ్మీలే ఎలా ఊడగొట్టావు?" ఆయన బల్లమీద కూలబడ్డారు. "ఆ స్తంభం అసలు అక్కడ ఉండాల్సింది కాదు. వెనక్కి తిప్పుతున్నా. ఎండ కళ్ళల్లో పడింది. ఇంతలో దబ్బుమంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. బాగు చెయ్యడానికి టైం పడుతుందన్నారు. ఇంట్లో చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

స్టోరుబాబుకి సంగతి అంచెలంచెలుగా అర్థమైంది. తను కావాలని చెయ్యలేదని, మిషను జారిందని చెప్పబోయాడు. కానీ మామగారు తన చేతులకేసి తనే జాలిగా చూసుకుంటున్నారు. కిటికీ తలుపు దించిన రోజు ఆయన స్టోరుబాబు చేతుల్ని చూసింది కూడా సరిగ్గా అలాగే. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. వరసలో పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు పేషెంట్లలా ఉన్నారు.

"నాకూ మూల దగ్గరే వచ్చిందండీ చిక్కు," అన్నాడు.

"మూలలు చండాలమైనవోయ్," అన్నారు మామగారు మనసారా. కాస్త ఆగి, "మీ అత్తయ్యకి..." అన్నారు.

"నా నోట రాదండీ."

భోజనాల బల్ల మధ్యలో ఓడని పెట్టారు. దాచడానికి వీల్లేకపోయింది, అత్తగారు అప్పటికే చూసేశారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఓడ చుట్టూ తిరిగారు. "అంతా బావుంది బాబూ. వెనకాల ఈ వంకరేంటి?"

స్టోరుబాబు మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. "అది కొత్త మోడల్. నీళ్ళు తేలిగ్గా జారిపోతాయి. కంపెనీవాళ్ళు ఇప్పుడన్నీ ఇలాగే చేయిస్తున్నారు."

"ఊడిన కమ్మీలు కూడానా?"

"గాలి ఆడటానికి."

డాక్టరమ్మ తండ్రిని చూసింది, మొగుణ్ణి చూసింది. "నా మిషను కూడా కొత్త మోడలేనా నాన్నా?" అంది.

"రేపే బాగు చేయించి పెడతానమ్మా," అన్నారు కెప్టెనుగారు, తన జన్మలో ఎప్పుడూ లేనంత మెత్తగా. ఆ తర్వాత ఓడమీద గీత గురించి ఒక్క మాటా ఎత్తకుండా భోజనం ముగించారు. చేతులు కడుక్కుంటూ అల్లుడికి తువ్వాలు అందించారు కూడా.

పొద్దున్నే డాక్టరమ్మ సంగీతం మాస్టారికి ఫోన్ చేసి రమ్మంది. నొప్పి ఆ పరుగులోనే పోయిందని, జన్మలో మళ్ళీ రాదని ఆయన గట్టిగా చెప్పి పెట్టేశారు.

ఆ వారంలోనే అత్తగారు చెల్లెల్ని చూడటానికి అవతలి గట్టుకి వెళ్తూ, రేవులో అసలు ఓడని చూశారు. అల్లుడు ఎంత పనిమంతుడో అప్పట్నుంచీ చుట్టాలందరికీ చెబుతున్నారు: ఒక్క సొట్ట కూడా వదలకుండా దించాడట.