ఇల్లూ, లైటు వెయ్యి

భీమశంకరరావు గారింట్లో గోడ మాట్లాడుతోందట.

ఈ వార్త చిలకమ్మ చెవిన వేసింది పక్క ఫ్లాటు గుల్జార్ బేగం. బేగం మాత్రం కళ్ళారా చూసిందా అంటే లేదు. పూర్ణా మార్కెట్‌లో ధనియాలు బేరమాడుతుంటే, పై అంతస్తులో పనిచేసే అసిరమ్మ ఎదురుపడి చెప్పిందట. "లైటెయ్యి అంటే ఏసేత్తదంట, టైమెంత అంటే సెప్పేత్తదంట. ఆడమనిసి గొంతంట, ఎంత మర్యాదో. అప్పుడప్పుడూ తుమ్ముతాదంట కూడాను" అని.

చిలకమ్మ ఆ వార్తకి కాస్త ఇంగువ తగిలించి, రాత్రి అన్నాల దగ్గర భర్త ముందు పెట్టింది. రమణమూర్తి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"తుమ్ముతుందంటే చాలా ఖరీదైన మోడలు అయ్యుంటుంది" అన్నాడు.

రమణమూర్తి పోర్టు ఏరియాలో ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పాలన్నా "విషయం: ఉప్పు" అని మొదలుపెట్టే అలవాటు ఇంకా పోలేదు. పుట్టిందేమో శ్రీకాకుళం వైపు పల్లె. కోపమొస్తే ఆ పల్లె మాట వస్తుంది. పరువు గుర్తొస్తే పుస్తకాల మాట వస్తుంది. ఆ రాత్రి పరువే గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీ వెనక నిలబడి ప్రకటించాడు:

"ఇకపై ఈ గృహమునందు ఏ వస్తువూ ఒకే పని చేయరాదు!"

కోడలు జ్యోతిర్మయికి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో డైనింగ్ టేబులు అప్పటికే ఇస్త్రీ బల్ల. సైకిలు బట్టలారేసే దండెం. అత్తగారు ఎన్ని పనులు చేస్తుందో ఎవరూ లెక్క వెయ్యలేదు గానీ, ఆవిడ వస్తువు కాదు కాబట్టి ఆ ఉత్తర్వు ఆవిడకి వర్తించదు.

మామగారి చూపు తన గది వైపు తిరిగేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఆ గదిలో ఉన్నది ఆమె మానిటరు. తన జీతంతో కొనుక్కున్నది. లాప్‌టాప్ తెర ఎప్పుడో పగిలిపోయింది, ఇప్పుడు దాని వైరు ఈ మానిటరుకి తగిలిస్తేనే ఏదైనా కనిపించేది.

జ్యోతిర్మయి పనిచేసే కంపెనీ రుషికొండలో ఉంది. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళ కోల్డ్ స్టోరేజీల్లో చలి తగ్గకుండా తెర మీద కాపలా కాయడం ఆమె పని. చలి సరిగ్గా ఉంటే చుక్క పచ్చగా ఉంటుంది, తప్పితే ఎర్రబడుతుంది. రొయ్యకి నిద్ర పట్టినా పట్టకపోయినా ఆమెకి మాత్రం పట్టకూడదు, ఎందుకంటే అది రాత్రి షిఫ్టు, కొన్నాళ్ళు ఆఫీసులో, కొన్నాళ్ళు ఇంట్లోంచే. భర్త దేవీప్రసాద్ స్టీలు ప్లాంటులో షిఫ్టుల మనిషి. ఆలుమగలిద్దరూ అపార్టుమెంటు మెట్ల మీద ఎదురుపడి, "బాగున్నావా, అన్నం తిన్నావా" అని చుట్టాల్లా పలకరించుకునే దశకి వచ్చారు. ఇప్పుడు టీం లీడ్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. అది దొరికితే పగటి షిఫ్టు. అందరిలా రాత్రి పడుకుని పొద్దున్న లేవచ్చు. శనివారం ఇంటర్వ్యూ.

"అది ఆఫీసు పనికి కొనుక్కున్నది మావయ్యా. శనివారం ఇంటర్వ్యూ కూడా దాని మీదే" అంది.

"పనికి కొన్నదంటే పనిచెయ్యాలి కదమ్మా. నువ్వు పడుకున్నప్పుడు అదేటి సేత్తంది?"

"అదీ పడుకుంటుంది."

"అదే నేననేది. ఆ నిద్ర ఈ గృహానికి భారం."

దేవీప్రసాద్ ఇద్దరి వంకా చూశాడు. నాన్న చెప్పిందీ ఆలోచించదగ్గదే, జ్యోతి చెప్పిందీ ఆలోచించదగ్గదే అని తీర్పు చెప్పి, డ్యూటీకి వేళయిందని బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి మానిటరు హాలు గోడకెక్కింది. చిలకమ్మ దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, బొట్టెక్కడ పెట్టాలా అని వెతికింది. పైన నడిమధ్య, నుదురున్న చోట, గుండ్రంగా నల్లటి చుక్క కనిపించింది. సరిగ్గా అక్కడే కుంకుమ అద్దింది. కొత్త వస్తువు ఏదొచ్చినా ఆ ఇంటి ఆచారం అదే, ఫ్రిజ్జుకీ అయింది, గ్రైండరుకీ అయింది. అయితే ఈ వస్తువుకి ఆ నల్ల చుక్క కెమెరా. జ్యోతిర్మయి ఆ ఎర్రదనాన్ని చున్నీ కొసతో తుడుస్తూనే అసలు సంగతి చెప్పింది.

"మావయ్యా, ఇది చూపిస్తుందే గానీ ఏదీ వెయ్యదు. బల్బులూ ఫ్యానులూ దీని మాట వినాలంటే వేరే రకం స్విచ్చులు కొనాలి."

తెర మీద ఆమె తెచ్చిపెట్టిన ఇంటి బొమ్మ, దాని కింద హాలు లైటు, ఫ్యాను, మోటరు అని పేర్లు, పక్కన పచ్చ చుక్కలు నిగనిగలాడుతున్నాయి. 'కొనాలి' అన్న మాట వినగానే రమణమూర్తి మొహంలో మాత్రం ఆ పచ్చదనం కాస్త తగ్గింది.

"స్విచ్చులు మనకి ఉన్నాయి కదా" అని, వంటింటి వైపు కేకేశాడు. "చిలకమ్మా!"

ఉత్తర్వులు అప్పటికప్పుడే వెలువడ్డాయి. హాలు వెనక, వంటింటికి వెళ్ళే దారిలో కర్టెను ఉంది. ఆ పక్కనే స్విచ్చుబోర్డు ఉంది. చిలకమ్మ కర్టెను చాటున నిలబడాలి. ఆయన గోడతో ఏం చెబితే అది ఆవిడ చెయ్యాలి. నవ్వకూడదు, దగ్గకూడదు, ముఖ్యంగా "ఆఁ, వస్తన్నాను" అనకూడదు.

"ఇందులో కొత్తేటుంది? ఇప్పుడు మాత్రం ఎవులు ఏత్తన్నారు?" అంది చిలకమ్మ.

"ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాను. ఇకమీదట దాన్ని పిలుస్తాను. అదే టెక్నాలజీ."

వారమంతా కసరత్తు జరిగింది. "ఇల్లూ, లైటు వెయ్యి" అంటే లైటు వెలిగేది. "ఇల్లూ, ఫ్యాను తగ్గించు" అంటే తగ్గేది. బియ్యం ఏరుతున్నా, పోపు మాడుతున్నా చిలకమ్మ ఒక చెవి హాల్లోనే ఉంచేది. గురువారానికల్లా ఇల్లు ఎంత బాగా పనిచేసిందంటే, రమణమూర్తి నిజంగానే గోడకి థాంక్స్ చెప్పాడు.

ఇక భీమశంకరరావు దంపతుల్ని పిలవాలి. ఆయన స్టీలు ప్లాంటులో పెద్ద హోదాలో రిటైరైన మనిషి, అపార్టుమెంటు సంఘానికి ప్రెసిడెంటు. ఆయన శనివారం రాహుకాలం దాటాక వస్తామన్నాడు. ఇంటర్వ్యూకి వేళ ఎంచుకోమని కంపెనీ అంటే చిలకమ్మ కూడా కోడలి చేత రాహుకాలం దాటిన వేళే పెట్టించింది. రాహుకాలం దాటగానే విశాఖపట్నంలో ఆగిపోయిన మంచి పనులన్నీ ఒక్కసారే బయల్దేరతాయి. అలా రెండూ ఒకే వేళకి వచ్చి కూర్చున్నాయి. మామగారు ఆ సంగతి శనివారం పొద్దున్న టిఫిను తింటూ బయటపెట్టారు. అప్పటికి రుషికొండ బస్సెక్కి ఆఫీసుకి పోయే వ్యవధి కూడా లేదు.

"ఈ పోస్టు పోతే మళ్ళీ రాత్రులే మావయ్యా" అంది జ్యోతిర్మయి.

"ఎందుకు పోవాలి? పంపకం చేసుకుందాం."

పల్లెలో అన్నదమ్ముల పొలాల మధ్య గట్లు వేయించిన చెయ్యి అది. తెరని నిలువునా సగానికి చీల్చాడు. తూర్పు సగం ఇంటికి, పడమటి సగం ఉద్యోగానికి. ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోరాదన్నాడు. గోడ చెవిలో గుసగుసలాడితే వచ్చిన పెద్దమనుషులకి ఏం తెలుస్తుంది? శబ్దం బయటికే రావాలి.

వేళయింది. జ్యోతిర్మయి గోడకెదురుగా కుర్చీ వేసుకుంది. వెనక సోఫాలో భీమశంకరరావు, ఆయన భార్య శ్రీసత్య, మధ్యలో రమణమూర్తి. వాళ్ళ వీపుల వెనక కర్టెను. పడమటి సగంలో కంపెనీ మేనేజరు సొహైల్, ఆయనకి అటూ ఇటూ మాట్లాడని మనుషులిద్దరు ప్రత్యక్షమయ్యారు. మూలన చిన్న గడిలో తన బొమ్మ కనిపించింది. ఆ బొమ్మలో తన భుజం పక్క నుంచి కర్టెనూ, కర్టెను చాటున స్విచ్చు మీద వేలుంచి నిలబడ్డ అత్తగారూ స్పష్టంగా కనిపిస్తున్నారు. జ్యోతిర్మయి గబుక్కున తల పక్కకి వంచి అత్తగారిని కప్పేసింది.

"మెడ పట్టిందాండీ?" అన్నాడు సొహైల్.

"లేదు సార్, ఇలాగే అలవాటు."

వెనక రమణమూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఇల్లూ, దీపము వెలిగించు."

వెలిగింది. భీమశంకరరావు పెదవి విరిచాడు. "లైటంటే ఎవరింట్లోనైనా వెలుగుతుంది బావగారూ. మోటరు వేస్తుందా?"

మోటరు స్విచ్చి కింద సెల్లారులో ఉంది. వంటింటి వెనక గుమ్మం నుంచి మెట్లు దిగి వెళ్ళాలి, లిఫ్టు పనిచెయ్యడం లేదు.

"ఎందుకు వెయ్యదు? ఇల్లూ, మోటరు వెయ్యి."

చిన్న గడిలో కర్టెను కదిలింది. అక్కడ మనిషి లేదు. హాల్లో అందరూ ఎదురుచూశారు. సొహైల్ ఏదో అడిగాడు, జ్యోతిర్మయి ఏదో చెప్పింది, ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. చెవులు మెట్ల మీద ఉన్నాయి.

"నెట్టు స్లోగా ఉంది" అన్నాడు రమణమూర్తి.

కాసేపటికి కింద మోటరు బుయ్యిమంది. భీమశంకరరావు ఊరుకోలేదు. "మరిప్పుడు ఫ్యాను ఆపమనండి." ఆపమన్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెట్టు మెట్లెక్కి రావాలి కదా. వచ్చింది, రొప్పుతూ. ఫ్యాను ఆగింది.

సరిగ్గా అప్పుడే పడమటి సగం గట్టిగా అడిగింది: "తెర మీద అన్నీ పచ్చ చుక్కలే ఉన్నాయనుకోండి. అంతా బాగున్నట్టేనా?"

భీమశంకరరావు సోఫాలో ముందుకి జరిగాడు. "తెలుగు భలే మాట్లాడుతోందే. బాబూ, మీది ఏ ఊరు?"

ఇంటి పెద్దాయన ఎవరో పలకరించారనుకుని సొహైల్ మర్యాదగా జవాబిచ్చాడు. "ఇక్కడేనండీ. పాత ఊరు, పూర్ణా మార్కెట్ దగ్గర."

"లోకల్ తయారీయా?" అని భీమశంకరరావు గుసగుసగా అడిగాడు.

"లోకలే. సర్వీసు సులువు" అన్నాడు రమణమూర్తి, ఆయనకీ అర్థం కాకపోయినా.

"మరి ఈ లైట్లూ ఫ్యానూ అన్నీ నువ్వే వేస్తున్నావా నాయనా?" అన్నాడు భీమశంకరరావు తెరతో.

"నేనెందుకు వేస్తానండీ. మీ వెనకాల కర్టెను దగ్గరున్న అమ్మగారు వేస్తున్నారు. ఇందాకటి నుంచీ చూస్తున్నాం. మంచినీళ్ళేమైనా ఇవ్వండి, పాపం బాగా అలిసిపోయారు."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. చిలకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. రెండో చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది.

"ఆవిడ బ్యాకప్పు" అన్నాడు రమణమూర్తి. "నెట్టు పోయినప్పుడు ఉండాలని."

అంతవరకూ నోరు విప్పని శ్రీసత్య నిట్టూర్చింది. "నీకే నయం వదినా. గాలాడే చోట నిలబెట్టారు. నన్నయితే బీరువా గదిలో తలుపేసి, ఫోన్లో మాటాడమంటారు. ఎవులొచ్చినా టైమెంతో సెప్పాల, ఎండెంతో సెప్పాల. మొన్న తుమ్మొచ్చింది, దానికీ తిట్లే."

భీమశంకరరావు ఆగిపోయిన ఫ్యాను వంక శ్రద్ధగా చూడసాగాడు.

రమణమూర్తి పుస్తకాల మాట వదిలేశాడు. "జ్యోతీ, ఆ పడమటి సగం ఆపెయ్. దాని నోరు ముందు ముయ్యి."

"జ్యోతిర్మయి గారూ, కుదరకపోతే చెప్పండి. బయట ఇంకొకరు కాచుకుని ఉన్నారు" అన్నాడు సొహైల్.

జ్యోతిర్మయి చెయ్యి మౌస్ మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత తూర్పు సగం మూసేసింది. ఇంటి బొమ్మ, పచ్చ చుక్కలు, హాలు లైటు అన్నీ పోయి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆమె ఉద్యోగమే పరుచుకుంది. వంచిన మెడ నిటారుగా పెట్టింది.

"అంతా బాగున్నట్టు కాదు సార్. నేను చుక్కని నమ్మను. అక్కడున్న మనిషికి ఫోన్ చేసి, తలుపు తీసి చెయ్యి పెట్టి చూడమంటాను. చుక్క పచ్చగా ఉండడానికి ఆ మనిషి ఎన్నిసార్లు పరిగెడుతున్నాడో కూడా అడుగుతాను."

సొహైల్ అటూ ఇటూ చూశాడు. మాట్లాడని మనుషులిద్దరూ తలలూపారు.

"సోమవారం నుంచి పగలు రండి" అన్నాడు. తెర నల్లబడింది.

హాలంతా ఉక్క. శ్రీసత్య సోఫాలో జరిగి చోటిస్తే చిలకమ్మ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. భీమశంకరరావు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రమణమూర్తి కండువాతో విసురుకుంటూ నల్లటి తెర వంక చూసి, అది కాదని గుర్తొచ్చి భార్య వైపు తిరిగాడు.

"చిలకమ్మా, ఫేను" అన్నాడు మెల్లగా.

"మీ ఉజ్జోగం రిటైరైనాది గానీ సేతులు రిటైరవనేదు కదా. లేసి ఏసుకోండి."