నలభై ఆరు లక్షల్లో రెండు శాతం

జనక్‌పురిలో ఒక మేడ రెండో అంతస్తులో అద్దెకుంటున్న పౌలురాజు కుటుంబానికి నలభై ఆరు లక్షల రూపాయల మూలధనం ఉన్నట్టు జనవరి మూడో ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి కోడికూర తిన్న తరవాత, నిర్ధారణ అయింది. అంతకు ముందు రోజు దాకా అతని దగ్గర ఉన్నది ముప్పై వేలు. ఒక్క పూటలో ఇంత అభివృద్ధి ఎలా సాధ్యమని ఎవరికైనా అనుమానం వస్తే, అది వాళ్ళకి మనీ మేనేజ్‌మెంట్ తెలియకపోవడం వల్లనే.

పౌలురాజు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పాలకొల్లు దగ్గర నుంచి ఢిల్లీ వచ్చి పదకొండేళ్ళయింది. పొద్దుట జనం రక్తం పరీక్ష చేసి, మధ్యాహ్నం ఫోనులో డాలర్లూ, పౌండ్లూ, యెన్‌లూ కొని అమ్ముతూ ఉంటాడు. మొదటి నాలుగు నెలల్లో డెబ్భై వేలు పోయాయి. దాంతో జూదగాళ్ళకీ తనకీ ఒక తేడా ఉండి తీరాలని నిశ్చయించుకుని హేమసుందర్ సర్ ఆన్‌లైన్ క్లాసులో చేరాడు. హేమసుందర్ సర్ ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని ఆరుసార్లు సివిల్స్ రాసి, ఆరుసార్లూ మొదటి పరీక్ష దగ్గరే ఆగిన మనిషి. నష్టాన్ని తట్టుకోవడం గురించి అంత అధికారంతో మాట్లాడగలవారు రాజధానిలో అరుదు. ఫీజు పద్దెనిమిది వేలు.

ఆయన చెప్పే నియమం ఒక్కటే. ఏ ఒక్క దెబ్బకీ మూలధనంలో రెండు శాతం మించి పోకూడదు. ఎంత కొనాలన్నది ఎంత ఆశ ఉందన్నదాన్ని బట్టి కాదు, ఎంత పోతే తట్టుకోగలమన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ విన్న అతని భార్య ఫ్లోరా కూడా, ఆయనెవరో గానీ మంచి మాటే చెప్పాడనుకుంది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ముప్పై వేలలో రెండు శాతం ఆరు వందలు.

“ఆరొందలు పట్టుకుని ప్రపంచ మార్కెట్లోకెళ్తే డాలరు నన్ను చూసి నవ్వదంటావా?” అన్నాడు పౌలురాజు.

నియమాన్ని అతిక్రమించడం అతని స్వభావంలో లేదు. కాబట్టి మూలధనాన్ని పెంచాడు.

కూతురు షెరిన్ రంగులు వేసుకునే పుస్తకంలో వెనక పేజీ చింపి, స్కేలుతో గీతలు కొట్టి రాశాడు. స్కూటరు నలభై వేలు; దానికి ఇంకా పద్నాలుగు వాయిదాలు కట్టాలి, అది వేరే విషయం. ఫ్రిజ్జూ, వాషింగ్ మెషీనూ కలిపి పాతిక వేలు. ఫ్లోరా గొలుసు, కమ్మలు రెండు లక్షల ముప్పై అయిదు వేలు. అవి ప్రస్తుతం గోల్డ్ లోన్ వాళ్ళ లాకర్లో ఉన్నాయి, అంటే ఇంట్లో కంటే భద్రంగా ఉన్నాయి. మామగారి కొబ్బరితోటలో ఫ్లోరా వాటా పన్నెండు లక్షలు. మామగారు బతికే ఉన్నారు, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. తన జీతం నెలకి ముప్పై అయిదు వేల చొప్పున అయిదేళ్ళకి ఇరవై ఒక్క లక్షలు. పదవీ విరమణ దాకా వేసుకోవచ్చు గానీ, అత్యాశకి పోలేదు. చివరగా షెరిన్ డాక్టరైన తరవాత మొదటి ఏడాది సంపాదించేది పది లక్షలు. షెరిన్‌కి అప్పటికి మూడున్నరేళ్ళు.

మొత్తం నలభై ఆరు లక్షలు. ఈ పాటికి మీలో కొందరు మీ ఇంట్లో ఫ్రిజ్ వైపు ఒకసారి చూసి ఉంటారు. తప్పేమీ లేదు.

నలభై ఆరు లక్షల్లో రెండు శాతం తొంభై రెండు వేలు. అంత పోవడానికి సిద్ధపడాలంటే అకౌంట్లో అంత ఉండాలి. ఉన్నది ముప్పై. తక్కువ పడింది అరవై రెండు వేలు. ఫ్లోరా దగ్గర ఉన్నదీ సరిగ్గా అరవై రెండు వేలే. పౌలురాజు దీన్ని దైవసంకల్పంగా గుర్తించాడు.

ఆ అరవై రెండు వేలు ఎక్కడివో చెప్పాలి. ఆస్పత్రి డ్యూటీలకి వెళ్ళే ముగ్గురు సిస్టర్లు తమ పిల్లల్ని ఫ్లోరా దగ్గర దింపి పోతారు. వాళ్ళకి అన్నం పెట్టి, ముక్కులు తుడిచి, కొట్టుకోకుండా ఆపినందుకు వచ్చిన డబ్బులోంచి రెండేళ్ళు కూడబెట్టింది. తండ్రికి జబ్బు చేసి ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఆమె చదువు ఆగిపోయింది. అప్పట్నుంచీ ఫారం ఏదైనా నింపాల్సి వస్తే ఆమెకి చేతులు చల్లబడతాయి. షెరిన్‌కి అలా కాకూడదు. ఢిల్లీలో నర్సరీ సీటు ఇంటి దూరాన్ని బట్టి వచ్చే పాయింట్ల మీద ఉంటుంది గనక, మంచి బడికి కిలోమీటరు లోపల, స్నానాల గది సీలింగు కారే ఈ ఇంటికి మారారు. షెరిన్ పేరు మొదటి లిస్టులోనే వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల్లోగా అరవై రెండు వేలు కట్టాలి.

“ఏవండీ, మొత్తం పోతేనో?” అంది ఫ్లోరా.

“మొత్తం ఎలా పోద్ది? మహా అయితే పోయేది రెండు శాతం. తొంభై ఎనిమిది శాతం ఎక్కడికీ పోదు. లెక్క చూసుకో.”

ఫ్లోరా లెక్క చూసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఎక్కడో ఏదో తేడాగా ఉందని కడుపులో తెలుస్తోంది గానీ, కడుపులో తెలిసినదానికి శాతాలు వెయ్యడం ఇంటర్ మొదటి సంవత్సరంలో చెప్పలేదు. “బుధవారానికల్లా ఇచ్చేస్తారు కదా?” అని రెండుసార్లు అడిగి, సోమవారం పొద్దున ఫోనులో డబ్బు పంపింది.

మంగళవారం మధ్యాహ్నం, ఎక్కడో ఒక దేశంలో ఒక బ్యాంకు పెద్దాయన మైకు ముందు రెండు వాక్యాలు మాట్లాడాడు. నలభై నిమిషాల్లో తొంభై రెండు వేలూ పోయాయి.

పౌలురాజు డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుని ప్రకటించాడు. “రెండు శాతం నష్టం. నియమం లోపలే ఉన్నాం.” తరవాత చేపల పులుసుతో రెండు మార్లు అన్నం పెట్టించుకున్నాడు. నష్టం వచ్చిన రోజున భోజనం సహించడం క్రమశిక్షణకి గుర్తని కోర్సులో పదకొండో పాఠంలో ఉంది.

ఫ్లోరా గరిటె కింద పెట్టింది. “అయితే ఆ తొంభై ఎనిమిది శాతంలోంచి అరవై రెండు వేలు తియ్యండి. శుక్రవారం ఫీజు కట్టాలి.”

“అది మూలధనం ఫ్లోరా. మూలధనం ముట్టుకోకూడదు.”

“మరి పాప సీటండీ?”

“కంగారు పడకు. తరవాతి ట్రేడుకి తొంభై రెండు అక్కర్లేదు. మిగిలింది నలభై అయిదు లక్షల ఎనిమిది వేలు కదా, దాన్లో రెండు శాతం, తొంభై వేల నూట అరవై చాలు. చూశావా? దెబ్బ తగిలినప్పుడు తగ్గించుకోవాలి. దీన్నే మనీ మేనేజ్‌మెంట్ అంటారు.” ఇలా అని, ఆ తొంభై వేల నూట అరవై ఫ్లోరాకి ఎక్కడైనా దొరుకుతాయేమో అన్నట్టు చూశాడు.

హేమసుందర్ సర్‌కి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు. సర్ విషయమంతా విని, గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు. “రాజూ, కంగ్రాట్స్! ఇంత పోతే ఆగిపోవాలని పెట్టుకున్న స్టాప్ లాస్ ఒక్క అంగుళం జరిపావా? లేదు. ఏడ్చావా? లేదు. నష్టం మార్కెట్‌ది, క్రమశిక్షణ నీది. లాభం వచ్చినవాడు ఈ దేశంలో వీధికొకడున్నాడు. నష్టంలో నియమం తప్పనివాడు ఎక్కడున్నాడయ్యా? నువ్వు నేర్చుకునే దశ దాటిపోయావ్. ఇక నేర్పాలి. మొదటి బ్యాచ్ డబ్బు నీదే. రెండో బ్యాచ్ నుంచి నాకు సగం.”

ఫ్లోరా మర్నాడు షెరిన్‌ని చంకనేసుకుని బడి ఆఫీసుకి వెళ్ళింది. “భయ్యా, నాలుగు రోజులు టైమ్ దీజియే” అంది. గుమాస్తా తల ఎత్తకుండా, “మేడమ్, శుక్రవార్ దో బజే తక్. ఉస్కే బాద్ వెయిటింగ్ లిస్ట్” అన్నాడు. ఆ వెయిటింగ్ లిస్టులోని తల్లులు అప్పటికే గేటు దగ్గర నిలబడి, లోపలి నుంచి వచ్చేవాళ్ళ మొహాల్లో దిగులు కోసం వెతుకుతున్నారు.

“మమ్మా, మేరా స్కూల్ యహీ హై నా?” అంది షెరిన్.

“ఇదేనమ్మా” అంది ఫ్లోరా.

ఇక అప్పు కోసం తిరగడం మొదలుపెట్టింది. ముందు సీతారత్నం ఇంటికి వెళ్ళింది. ఆవిడ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు. కొడుకు కెల్విన్ బడి వదిలాక చీకటి పడేదాకా ఫ్లోరా ఇంట్లోనే ఉంటాడు. “అయ్యో తల్లీ, పదివేలు లేవే ఇంట్లో. ఉంటే నీకంటే ఎక్కువా? ప్రార్థనలో పెట్టుకుంటాలే” అని, వెళ్ళేటప్పుడు షెరిన్ చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది. రెండో సిస్టరు, పిల్లల చదువుకి అప్పు చేయడం మంచి అలవాటు కాదని అరగంట చెప్పింది. మూడో ఆవిడ, “నువ్వెలాగూ ఇబ్బందుల్లోనే ఉన్నావు కదా, ఈ నెల నీ డబ్బు వచ్చే నెలతో కలిపి ఇచ్చేస్తానే” అంది. గురువారం మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళు అయ్యాయి. అందరూ టీ ఇచ్చారు. డబ్బు ఎవరూ ఇవ్వలేదు. ఇందులో వాళ్ళ దోషమేమీ లేదు. మూడున్నరేళ్ళ పిల్ల చదువు మీద డబ్బు పెడితే ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పగల చార్టు ఇంతవరకూ ఎవరూ తయారుచెయ్యలేదు.

గురువారం సాయంత్రం, బట్టల దుకాణం పైన తెలుగువాళ్ళు అద్దెకి తీసుకున్న హాల్లో ప్రార్థన కూడిక జరిగింది. సాక్ష్యాల సమయంలో పౌలురాజు లేచాడు.

“ప్రియమైన సహోదరీ సహోదరులారా! ఈ మంగళవారం నా మీదికి తుపాను వచ్చింది. పెద్ద పెద్దవాళ్ళు కొట్టుకుపోయారు. కానీ నా మూలధనంలో తొంభై ఎనిమిది శాతం చెక్కు చెదరలేదు. నలభై అయిదు లక్షల ఎనిమిది వేలు ఈ రోజుకీ క్షేమంగా ఉన్నాయి.”

హాలంతా ఒక్కసారి కదిలింది. పౌలురాజు దగ్గర నలభై అయిదు లక్షలున్నాయన్న సంగతి అంతవరకూ ఎవరికీ తెలియదు. అతను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. మూలధనాన్ని కాపాడుకునే పద్ధతి నేర్పడానికి ఆదివారం క్లాసు పెడుతున్నాననీ, మనిషికి రెండు వేలనీ, సీట్లు పరిమితమనీ చెప్పి కూర్చున్నాడు.

ఆఖరి పాట పూర్తి కాకముందే చెప్పుల దగ్గర ఫ్లోరా చుట్టూ జనం మూగారు. ఫోన్లు బయటికొచ్చాయి. అప్పు అడిగితే లేవన్న పదకొండు ఇళ్ళవాళ్ళూ కట్టారు. రెండు ఇళ్ళ నుంచి భార్యాభర్తలిద్దరూ విడివిడిగా కట్టారు. సీతారత్నం ముందు వరసలో సీటు కావాలంది. ఫ్లోరా ఫోను రెండు వేలు, రెండు వేలు అని మోగుతూనే ఉంది. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి ఆగింది. ముప్పై ఒకటి ఇంటూ రెండు వేలు. ఈ లెక్క ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు కానుకల పెట్టెలో మూడు వందల నలభై రూపాయలు పడ్డాయి.

శుక్రవారం ఒంటిగంటా నలభైకి ఫీజు కట్టింది. రసీదు మూడుసార్లు చదివింది. గేటు దగ్గర వెయిటింగ్ లిస్టు తల్లి ఒకావిడ ఆమె మొహం చూసి తల దించుకుంది. ఫ్లోరా ఆవిడ వైపు చూడకుండా గబగబా నడిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అదే హాల్లో క్లాసు. ‘నా మూలధనం’ అని పైన అచ్చు వేసి, కింద ఇరవై ఖాళీ గీతలున్న కాగితం మనిషికొకటి పంచారు. పౌలురాజు బోర్డు మీద రెండు శాతం అని రాసి కింద గీత కొట్టాడు. మొదటి వరసలో ఒకరు తమ స్కూటరు నడవడం లేదనీ, వేసుకోవచ్చా అనీ అడిగారు. వేసుకోవచ్చని తేలింది.

వెనక వరసలోంచి పాపయ్య లేచాడు. ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు. “బాబూ, అంతా బాగానే ఉంది గానీ, నీకు లాభమొచ్చినట్టు ఎక్కడా చెప్పలేదేంటయ్యా?”

పౌలురాజు సుద్దముక్క అటూ ఇటూ మార్చుకున్నాడు. అతన్ని ఆదుకున్నది సీతారత్నం.

“అదేంటంకుల్ అలా అంటారు? బుధవారం ఈ పిల్ల మా ఇంటికొచ్చి ఫీజుకి అప్పడిగింది. శుక్రవారానికల్లా అరవై రెండు వేలు కట్టేసింది. రసీదు నా కళ్ళతో చూశాను. రెండ్రోజుల్లో ఎక్కణ్ణుంచొచ్చాయంటారు?”

ముప్పై ఒక్క మందీ వెనక్కి తిరిగి, మూల బెంచీ మీద కూర్చుని బిస్కెట్ తింటున్న షెరిన్‌ని ఆరాధనగా చూశారు. తరవాత ఫ్లోరాని చూశారు. ఫ్లోరా లేచి టీ గ్లాసులు సర్దింది. పాపయ్య “అచ్ఛా, మరి పెన్షను ఎన్నేళ్ళకి వేసుకోమంటావు?” అంటూ కూర్చున్నాడు.

టీ ఇస్తూ వెళ్తుంటే సీతారత్నం ఆమె కొంగు పట్టుకుని పక్కకి లాగింది. గొంతు బాగా తగ్గించింది.

“ఫ్లోరా, నువ్వు నా చెల్లెల్లాంటిదానివి, నిజం చెప్పు. మా అమ్మాయి మనీష నర్సింగ్ సీటుకని లక్షా ఇరవై వేలు బ్యాంకులో ఉన్నాయి. మార్చి దాకా అక్కర్లేదు. దీన్లోకి దించనా, వద్దా? నువ్వేం చెప్తే అదే.”

ఇంట్లో పదివేలు లేవన్నది ఆవిడే. అయినా ఫ్లోరాకి ఆ క్షణంలో కోపం రాలేదు. వద్దక్కా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట నిజం. ఆ గదిలో ఆ నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఏప్రిల్ పదో తేదీకి షెరిన్ బడి ఫీజు రెండో వాయిదా పదహారు వేలు. రెండో బ్యాచ్‌లో సగం హేమసుందర్ సర్‌ది. అంటే పదహారు మంది కొత్తవాళ్ళు కావాలి. ఈ క్లాసు బాగుందని సీతారత్నం ఒక్క మాటంటే ఆస్పత్రిలో ఒక్క వార్డులోనే పదహారు మంది దొరుకుతారు. ఈసారి కూడా లెక్క సరిగ్గానే ఉంది.

“పెన్నుందా అక్కా, తెచ్చివ్వనా?” అంది ఫ్లోరా.