పూజితకి తీసిన తరుగు

నా భయం సూటిగా చెప్పేస్తాను. మా పూజితకి ఐదేళ్లు, ముప్పై కిలోలు. నాలుగడుగులు పరిగెడితే ఆయాసం. పెద్ద డాక్టరు చూసేలోపే దానికి షుగరు లాంటిదేదో వచ్చేస్తుందని నా భయం. పిల్లల బరువు మీద ఇంత శ్రద్ధ చరిత్రలో ఏ ప్రభుత్వమూ పెట్టలేదు కాబట్టి, ఈ భయం పూర్తిగా నా సొంత తప్పు.

నూజివీడు డాక్టరు గారు చెప్పారు, పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయట. మంచివి పప్పు, ఆకుకూర, పెరుగు ఉంటే బాగుంటాయట. దగ్గొచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి పట్టించిన యాంటీబయాటిక్ సిరప్పులకి, మామిడి కోతకి పోతూ చేతిలో పెట్టిన చిప్స్ ప్యాకెట్లకి అవి తగ్గిపోయి ఉండొచ్చని, బరువుకి అదీ ఒక కారణం కావచ్చని అన్నారు. (అంటే ఖాళీ చేయించింది నేనే.) పెద్దాసుపత్రికి చీటీ రావాలంటే అంగన్‌వాడీ యాప్‌లో పిల్ల బరువు వరసగా రెండు నెలలు ఎర్రగా పడాలి.

అంగన్‌వాడీ తూకం మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది. కొత్త బ్యాటరీకి ఆమోదం వచ్చింది, బ్యాటరీ రాలేదు. అందుకని పుష్పవతి టీచరు గారు పిల్లల్ని వరసలో నిలబెట్టి ఆగిరిపల్లి రోడ్డులోని మామిడికాయల కాటాకి తీసుకెళ్లారు. అక్కడ తూచే పాల్ రాజు పాతికేళ్లలో తరుగు తీయకుండా ఏదీ తూచి ఎరగడు. కుళ్లు, మచ్చల కింద వందకి పది. ట్రే బరువు రెండు కిలోలు (పిల్ల ట్రేలో లేదు, రూలు ఉంది). మా పూజిత నికరం ఇరవై ఐదు.

"పిల్లకి తరుగేంటి అన్నా?" అన్నాను.

"అందరికీ తీశానమ్మా. ఒక్కళ్లకి వదిలేస్తే రైతులు ఊరుకోరు."

పోయిన నెల ఇరవై తొమ్మిది, ఈ నెల ఇరవై ఐదు. యాప్ కంగారుపడి, చిక్కిపోతున్న పిల్ల అని రాసి, రోజుకి రెండు బెల్లం లడ్డూలు అదనంగా మంజూరు చేసింది.

ఆ బరువు దిద్దించడానికి ఆఫీసుకి వెళ్తే, పేగు నివాసుల నమోదు అధికారి దగ్గరికి పంపారు. (అలాంటి సీటు ఉందని నాకూ వెళ్లాకే తెలిసింది.) ఫారంలో 'పిల్ల తిండిని పంచుకునేవారి సంఖ్య' అని ఒక గడి. కోట్లండీ అన్నాను. రేషన్ కార్డులో లేనివాళ్లని రాయకూడదన్నారు. చాలామంది పోయారండీ అంటే, మరణ ధ్రువీకరణ పత్రాలు ఒక్కొక్కరివి రెండు కాపీలు తెమ్మన్నారు. నేను ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసినదాన్ని, కోటికి ఎన్ని సున్నాలండీ అని అడిగాను. ఏడు అన్నారు. ఆ ఆఫీసులో నాకు జరిగిన పని అదొక్కటే.

తిరిగొస్తుంటే తరుగంటే ఏంటని అడిగింది పూజిత. కాయల్లో కుళ్లినదానికి తీసేస్తారని చెప్పాను, ఏదో ధ్యాసలో. కాస్త దూరం నడిచి ఆగింది.

"అమ్మా, నాలో కుళ్లింది ఎక్కడ?"

అప్పట్నుంచి ఇంట్లో ముద్ద ముట్టడం లేదు. అంగన్‌వాడీలో తింటున్నానంటోంది. నేను తెల్లారే రెడ్డిగూడెం తోటలకి పోతాను, మధ్యాహ్నం వచ్చి చూడలేను. మీలో ఎవరైనా పన్నెండింటికి అటు వెళ్తే, మా పూజిత అన్నం తింటోందో లేదో ఒకసారి చూసి చెప్పండి. యాప్‌లో రోజూ తిన్నట్టే పడుతోంది. మీరు కంచంలో చూడండి.