ఆదివారం దాకా దిగకూడని కాక

బిలాస్‌పూర్ తెలుగు భాషా పరిరక్షణ సంఘంవారు మిక్కిలి సంతోషంతో ప్రకటించినదేమంటే, లాల్‌ఖదాన్ పేటలో కనకమ్మగారికి జ్వరం వచ్చింది.

సంతోషమెందుకో చెప్పాలి. సంఘం కార్యదర్శి జగన్నాథంగారు ఆదివారం సభకు పిలవడానికి ఆవిడ ఇంటికి వెళ్లారు. దుప్పటి ముసుగులోంచి కనకం, "రానేను బాబూ, వొల్లంతా కాక పట్టీసింది" అంది. ఆయన గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. జ్వరాన్ని కాక అనగా, బొబ్బిలిలో వాళ్ల మామ్మ పోయాక మళ్లీ వినలేదు. బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు ఫీవర్ వస్తుంది, బుఖార్ వస్తుంది. కాక వచ్చి ఎన్నాళ్లయిందో!

సాయంత్రానికి కార్యవర్గమంతా ఆవిడ మంచం చుట్టూ చేరింది. మనవరాలు శ్వేత, "అంకుల్, నానమ్మని డాక్టర్ దగ్గరికి లేకే జానా హై" అంటే, "అచ్ఛా అచ్ఛా, తీర్మానం కానీ తల్లీ" అన్నారు.

ముందు మాట పుట్టుక తేలాలి కదా. బ్యాంకు మేనేజరు సీతారామయ్యగారు అది సంస్కృతం నుంచి దిగిందన్నారు. ఇంత గౌరవమైన జబ్బుకు పేరు మన ఇంట్లో పుట్టే అవకాశం లేదట. రైలింజన్ల షెడ్డులో పనిచేసి రిటైరైన రమణబాబు ఒప్పుకోలేదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో వాళ్ల తాత బాయిలరు పక్కన కునుకు తీసి లేచి, నుదుటి మీదే రొట్టెలు కాల్చుకుని తినేవాడట. కాక అక్కడ పుట్టిందట. ఎడమ కనుబొమ్మ వైపు రొట్టె బాగా పొంగేదని సాక్ష్యం కూడా చెప్పారు. కాగితే వచ్చేది కాక అని బడి గుమ్మం తొక్కినవాడికల్లా తెలుసు. అందరికీ తెలిసినదే కనుక సంఘం దాన్ని పరిశీలనకు తీసుకోలేదు.

"ఎక్కడ పుడితే నాకేటి బాబూ? దిగే దారి సూడండి" అంది కనకం.

"దిగడమా!" జగన్నాథంగారు లేచి నిలబడ్డారు. "అమ్మా! ఇది మీ ఒక్కరి కాక కాదు, యావదాంధ్రుల కాక! ఆదివారం వేదిక మీద, అసలైన కాకతో, మీ నోట ఆ మాట రావాలి. అందాకా మాత్ర ముట్టనని జాతికి మాటివ్వండి!"

తీర్మానం నెగ్గింది, చప్పట్లు మోగాయి. ఒళ్లు కాలుతున్న మనిషికి శాలువా కప్పారు. నుదుటి మీద చెయ్యి వేసి వరసగా ఫొటోలు దిగారు.

వాళ్లు వీధి మలుపు తిరగ్గానే శ్వేత నానమ్మను స్కూటరెక్కించింది. శుక్రవారానికి కాక దిగిపోయింది. సంఘం దీన్ని భాషాద్రోహంగా పరిగణించి, ముసలావిడ కదా అని పెద్దమనసుతో క్షమించింది.

అయితే అంటుజ్వరం మంచం చుట్టూ కూర్చున్నవాళ్లను ఊరికే పోనివ్వలేదు. ఆదివారం తెల్లారేసరికి కార్యవర్గం మొత్తం మంచాన పడింది. తెలుగుతల్లికి ఇంతకన్నా శుభదినం ఉంటుందా? వేదిక సిద్ధం, మైకు సిద్ధం, నిక్షేపంలాంటి కాక సిద్ధం.

మిరియాల చారు పట్టుకుని కనకం పరామర్శకు వెళ్లేసరికి, జగన్నాథంగారు పళ్లు టకటకలాడిస్తూ ఫోనులో, "డాక్టర్ సాబ్, బహుత్ బుఖార్ హై! జల్దీ ఆయియే!" అంటున్నారు.

"అదేటి బాబూ, సబకెల్లవా?" అంది కనకం.

ఆయన రెండు మాత్రలు ఒక్క గుక్కలో మింగేశారు. వాటి పేర్లు ఏ భాషలో పుట్టాయో అడగలేదు.

సభ వాయిదా పడింది. మాతృభాష కోసం ఒళ్లు కాల్చుకోవాలన్న తీర్మానం మాత్రం అలాగే ఉంది. ఎవరి ఒళ్లు అన్నది రాయవలసినచోట ఖాళీ వదిలారు. తమరు భాషాభిమానులని విన్నాం; పేరు రాసుకోమంటారా?