గద్దను చెక్కిన బస్సు డ్రైవరు

"మంచు కురిసినంత మాత్రాన పౌరుల వికాసం ఆగరాదు!"

ఈ మాట సెలవిచ్చింది రొడోపి కొండల్లోని ఓ చిన్న ఊరి పురపాలక సాంస్కృతిక శాఖాధికారిణి జోర్నిత్స. మంచుకి బడులు మూసిన రోజుల్లో ప్రతి ఇంట్లో సంప్రదాయ హాబీలు సాగాలని ఆవిడ ఉత్తర్వు. తండ్రులు కొయ్య చెక్కాలి. తల్లులు గుడ్డల మీద పూలు కుట్టాలి. కొడుకులు చదరంగం ఆడాలి, కూతుళ్ళు జానపదాలు పాడాలి. ఓ సంఘం ఇంటింటికీ తిరిగి ఆదర్శ కుటుంబాన్ని ఎంపిక చేస్తుంది. ఎవరికి ఏది ఇష్టం అన్న ముక్క మాత్రం అందులో లేదు. ఉత్తర్వన్నాక అన్నీ పడతాయా!

ఆ వారంలోనే మంచు పడింది. అలా ఇలా కాదు, ఊళ్ళో కార్లన్నీ సున్నం కొట్టిన సమాధుల్లా తయారయ్యాయి. బడి మూశారు. బస్సులు ఆపేశారు. బస్సులు ఆగితే ఊరంతా తిట్టుకుంటుంది గానీ, జోర్నిత్స మొగుడు స్తమెన్ మాత్రం పండగ చేసుకుంటాడు. ఎందుకంటే ఆ బస్సు నడిపేది అతనే.

టిఫిను కాగానే వంటింటి తలుపు మూసి, స్టవ్ పక్కన కూర్చుని, ఎర్ర ఉన్ని ఉండా అల్లిక సూదులూ తీశాడు. చిన్నాడు బోజిన్ కాళ్ళ దగ్గర చేరి ఉండని దొర్లిస్తున్నాడు. పెద్దది నెదా తన సూదులతో కుస్తీ పడుతోంది.

"నాన్నా, మళ్ళీ ఓ కుట్టు జారిపోయింది!"

"జారనీ తల్లీ. కంగారు పడకుండా వెనక్కెళ్ళి పట్టుకురా. బస్సు ఎక్కాల్సిన మనిషనుకో, వదిలేసి పోతామా?"

"నా మేజోడు ఎప్పటికవుతుంది?" అన్నాడు బోజిన్, ఆ పొద్దున్నించి అదే ప్రశ్న.

"మడమ తిరిగితే అయిపోయినట్టేరా."

చలికాలాల్లో మేజోళ్ళు అల్లడం స్తమెన్‌కి వాళ్ళ నాయనమ్మ నేర్పిన విద్య. అల్లిక జోర్నిత్సకీ వచ్చు, కాకపోతే ఆవిడ కథలు అల్లుతుంది. "మా ఆయన కొయ్యపనిలో దిట్ట" అని ఆఫీసులో అల్లిన కథ అప్పటికే పురపాలక భవనం మూడంతస్తులూ ఎక్కింది. ఇంట్లో మాత్రం, "మీసాలున్న మగాడివి, చేతిలో ఆ సూదులేంటి? ఎవరైనా చూస్తే నా కుర్చీ ఏం కాను!" అంటుంది. స్తమెన్ తగువులకి పోయే రకం కాదు. అందుకే ఆ తలుపు మూయడం.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"స్తమెన్! వస్తున్నారు!"

"ఎవరు?"

"సంఘం! ఉపమేయరు గావ్రిలోవ్ గారే స్వయంగా! కార్లు కదలకపోతే నడిచొస్తున్నారట. మొదట మన ఇంటికే! లే, లే, ఆ దిక్కుమాలిన ఉన్ని ఎక్కడైనా పారెయ్!"

"పారెయ్యడమేంటి జోరీ, పిల్లాడి మేజోడు..."

"పిల్లాడి మేజోడు ముఖ్యమా, నా ఉద్యోగం ముఖ్యమా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పే తీరిక ఆవిడ ఇవ్వలేదు. పైవాటా ముసలాయన దగ్గరికి పరుగెత్తి, రెక్కలు చాపిన కొయ్యగద్దనీ ఓ ఉలినీ అరువు తెచ్చింది. స్తమెన్ ఉన్నీ సూదులూ పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఎక్కడా చోటు దొరక్క, ఓవెన్లో తోసి తలుపు వేశాడు.

చెక్కడమంటే అతనికి తెలిసింది ఒక్కటే, యూనియన్ మీటింగుల నుంచి చెక్కేయడం. అయినా సోఫాలో గద్దని ఒళ్ళో పెట్టుకుని ఉలి పట్టుకున్నాడు. నెదా చేతికి జానపదాల పుస్తకం, జోర్నిత్స చేతికి సంతలో కొన్న పూలగుడ్డ వచ్చాయి. గుడ్డ ధర చీటీ ఆవిడ పళ్ళతో కొరికి తీసింది. బోజిన్‌ని చదరంగం ముందు కూర్చోబెడితే, వాడు గుర్రాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇది అబద్ధం కదా?" అంది నెదా.

"అబద్ధం కాదు, ప్రదర్శన!" అంది జోర్నిత్స. ఆవిడ శాఖలో ఈ రెంటికీ వేరే వేరే బడ్జెట్లు!

గావ్రిలోవ్ గారు ముక్కు ఎర్రగా, మోకాళ్ళ దాకా తడిసి, వెనకాల ఫోటోలు తీసే కుర్రాడితో వచ్చారు. చూడ్డానికి భారీ మనిషి. తలమీద నీలం ఊలు టోపీ. అందరితో "మా ఆవిడ అల్లింది" అని చెబుతుంటారు.

"ఆహా! గద్ద! ఎన్నాళ్ళు పట్టింది స్తమెన్?"

"నా చేతికొచ్చి... ఎంతోసేపు కాలేదండీ."

"ఏం వినయం!" అని మురిసిపోయారు గావ్రిలోవ్. "ఏం కొయ్యయ్యా ఇది?"

స్తమెన్ గద్ద వంక చూశాడు. గద్ద కూడా జవాబు తెలియనట్టే చూసింది. జోర్నిత్స గబుక్కున అడ్డొచ్చి, "ముందు మీరు వేడిగా ఏదైనా తినాలి! ఇంట్లో చేసిన బానిత్స!" అంటూ వంటింట్లోకి దూరింది. ఇంట్లో చేసిన ఆ బానిత్స, అంటే జున్ను పెట్టిన పొరల రొట్టె, దుకాణం అట్టపెట్టెతో సహా ఫ్రీజర్లో ఉంది. పెట్టె విప్పేలోగా ఓవెన్ వేడెక్కాలని మీట తిప్పి వచ్చింది.

కుర్రాడు ఫోటో తీస్తున్నాడు. "కొంచెం నవ్వండి... ఉలి ఇటు... అటు కాదు, పదునున్న వైపు!" ఇంతలో వంటింట్లోంచి గొర్రెపిల్లని కాల్చినట్టు కమురు వాసన వచ్చింది. బోజిన్ ముక్కు ఎగబీల్చి, నోట్లో గుర్రం ఉమ్మేసి కెవ్వుమన్నాడు.

"నాన్నా! నా మేజోడు!"

స్తమెన్ ఒళ్ళో గద్ద ఎగిరింది. దానికి అదే మొదటిసారి, చివరిసారి కూడా! అతను వంటింట్లోకి ఉరికి, ఓవెన్ తెరిచి, పొగలో చెయ్యి పెట్టి లాగాడు. వేళ్ళు చుర్రుమన్నా వదల్లేదు. ఎర్ర మేజోడు, మడమ దగ్గర నల్లగా మాడి, సూదులతో సహా బయటపడింది. బోజిన్ వెక్కి వెక్కి ఏడుస్తూ తండ్రి కాలు పట్టుకున్నాడు. గుమ్మంలో గావ్రిలోవ్, ఆయన వెనక జోర్నిత్స, ఆ వెనక కెమెరా.



ఓ అబద్ధం అల్లడం పెద్ద పని కాదని స్తమెన్‌కి తెలుసు, భార్య అందించడానికి సిద్ధంగానే ఉంది. కానీ బోజిన్ కన్నీళ్ళు తన ప్యాంటులోకి ఇంకుతున్నాయి.

"నేనే అల్లానండీ," అన్నాడు. "నాకిష్టం. గద్ద పైవాళ్ళది."

జోర్నిత్స గోడకి ఆనుకుంది. గావ్రిలోవ్ నెమ్మదిగా వచ్చి మేజోడు అందుకుని, వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశారు.

"మడమ ఇలా తిప్పకూడదయ్యా," అన్నారు గొంతు తగ్గించి. "ఇక్కడ రెండేసి కుట్లు కలిపి పట్టాలి. లేకపోతే బిగుసుకుంటుంది." అప్పుడు తనేం అన్నారో తెలిసొచ్చి, కుర్రాడి వైపు తిరిగి, "ఏయ్! కెమెరా ఆపు!"

"మరి ఆ టోపీ..." అంది నెదా.

గావ్రిలోవ్ గారి ముక్కు రంగు మొహమంతా పాకింది. "మా ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు తల్లీ," అన్నారు.

ఆ మధ్యాహ్నం బానిత్స చల్లబడింది, చదరంగం మూలపడింది. ఉపమేయరు గారు స్టవ్ పక్కన చేరి కాలిన మడమ విప్పి మళ్ళీ అల్లి, మేజోడు బోజిన్ కాలికి తొడిగి వెళ్ళారు.

మర్నాడు ఫలితం ప్రకటించారు. కొయ్యపనిలో అసమాన ప్రతిభకి గాను ఆదర్శ కుటుంబం: స్తమెన్ కుటుంబం! సంతకం, గావ్రిలోవ్. బహుమతిగా ఊరి తండ్రులందరికీ కొయ్యపని నేర్పే బాధ్యత కూడా స్తమెన్ నెత్తిన పడింది.

"ఒప్పుకో," అంది జోర్నిత్స.

"ఒప్పుకుంటా. కానీ నాకొచ్చిందే నేర్పుతా."

ఊరి పఠన మందిరం తలుపుకి 'కొయ్యపని శిక్షణ' అని బోర్డు పెట్టారు. మొదటి ఆదివారం నలుగురు, తర్వాత గది నిండా. కసాయి, పోస్ట్‌మన్, బాకా వాయించే మాస్టారు, అందరూ కిటికీలు బిగించుకుని ఉన్ని ఉండలు విప్పేవాళ్ళు. గావ్రిలోవ్ ముందు వరసే. ఆ చలికాలం లెక్కల్లో, జిల్లా మొత్తమ్మీద ఎక్కువమంది కొయ్య చెక్కేవాళ్ళున్నది ఆ ఊళ్ళోనే. కొయ్యపొట్టు మాత్రం ఒక్క చీపురుకీ తగల్లేదు!

ఓ ఆదివారం స్టవ్ మరీ మండి గది ఉక్కపోసింది. బోజిన్ కుర్చీ ఎక్కి కిటికీ బార్లా తెరిచేశాడు. బయట మంచులో ఆడుకుంటున్న పిల్లలూ, వాళ్ళ తల్లులూ ఒక్కసారే ఇటు తిరిగారు. లోపల మీసాలన్నీ సూదులు పట్టుకుని బిగుసుకుపోయాయి.

"కొయ్యేదీ?" అంది బయట ఎవరో ఆవిడ.

అందరూ, హాజరు రాసుకోడానికి వచ్చిన జోర్నిత్స వంక చూశారు. ఆవిడ గబగబా కిటికీ దాకా వెళ్ళింది, మూయడానికే. రెక్క మీద చెయ్యి వేసింది. స్తమెన్ ఆమెని చూస్తూ, సూదులు దాచకుండా, వరస పూర్తి చేస్తున్నాడు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. గొంతు సవరించుకుంది.

"పౌరులారా! ఇది కొయ్యపనిలో మెత్తటి విభాగం! లోపల ఇంకా చోటుంది, రండి!"